దీపాలదిన్నెయు లంజదిబ్బయు: బౌద్ధశిథిలములకు పల్లె పెట్టిన పేళ్లు

అమరావతీస్తూపమును గూర్చి యేమి తెలియునని తెలుగు ఎం.ఏ. విద్యార్థిని అడిగినచో అతడు తడుముకొనక చెప్పునది ‘నాగబు’ అను పదమొక్కటే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ స్తూపపు రాతిపలకపైనుండి ఎత్తిచూపిన ఆ మూడక్షరములు తెలుగు తొలి పదముగా మన భాషాచరిత్రలయందు స్థిరపడినవి. అది సంపూర్ణపదము కాదనియు, వ్యక్తినామములోని యొక ముక్క కావచ్చుననియు శంకించినవారును కలరు. ఆ వివాదములోనికి మేమిప్పుడు దిగము. మేము చెప్పదలచినది వేరు. పలకమీది అక్షరములు మూడింటిని ఇంత శ్రద్ధతో కాపాడుకొనిన మనము, ఆ పలక దొరకిన దిబ్బను ఆ యూరివారు ఏమని పిలిచిరో విచారింపలేదు. ఆ పేరు దీపాలదిన్నె. అదియు తెలుగే. అందును విచారింపదగిన యర్థము కలదు.

తెలుగునాట బౌద్ధకట్టడములు పెక్కు నేడు పల్లెల నడుమను, పొలములయందును, ఊరికి ఎడమైన కొండలపైనను ఉన్నవి. భట్టిప్రోలు, ఘంటసాల, శాలిహుండము, గుంటుపల్లి, ఆదుర్రు, చందవరము, నేలకొండపల్లి, ధూళికట్ట, ఫణిగిరి మున్నగునవి యట్టివి. వీని కొలతలను, ఇటుకల పరిమాణములను, శిల్పముల కాలమును పురావస్తుశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ పని వారిది. కాని భిక్షువులు వెడలిపోయిన నాటినుండి త్రవ్వకపు పార తగిలిన నాటివరకు ఈ కట్టడములు శూన్యములో లేవు. వానిపై మందలు మేసినవి, వాని ఇటుకలతో ఇండ్లు లేచినవి, పిల్లలు భయపడిరి, పెద్దలు కథలు చెప్పిరి. ఆ సుదీర్ఘకాలమున ఈ శిథిలములను గూర్చి తెలుగువారు పలికిన మాట గ్రంథములకు ఎక్కలేదు. పేరుగా మాత్రము నిలిచినది. దీపాలదిన్నె, ధనంబోడు, లంజదిబ్బ, బోగందానిదిబ్బ, విక్రమార్కకోటదిబ్బ, బొజ్జన్నకొండ, లింగాలకొండ, తొట్లకొండ, దుబరాజుదిబ్బ: ఇవి ఒక్కొక్కటియు రెండుమూడు పదముల తెలుగు రచన.

వీనిని ఇంతవరకు చదివినవారు రెండు తెఱగులవారు. మొదటివారు ప్రతి పేరును ఏదో యొక ప్రాకృతపదమునకో సంస్కృతపదమునకో వికృతిగా నెంచి, మూలరూపమును వెలికిదీసినచో పని ముగిసినదని తలంతురు. రెండవవారు పేరు వెనుక మతద్వేషమును చూతురు. ఓడినవారి గుడికి గెలిచినవారు పెట్టిన తిట్టు అని నిశ్చయింతురు. ఈ రెండు త్రోవలును కొంతదూరము నడిపించి, ముఖ్యమైన చోటనే మనలను విడిచివేయుచున్నవని మా అభిప్రాయము.

మొదటి త్రోవలో మిక్కిలి నమ్మదగిన యుదాహరణము ఘంటసాల. గాయకుని యింటిపేరుగా తెలుగువారందరి చెవులకు పరిచితమైన ఈ యూరిపేరు వినగనే గంటలును శాలలును తోచుట సహజము. కాని నాగార్జునకొండలో ఇక్ష్వాకులనాటి ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనమున కంటకసేల యను ఊరును, అచటి మహాచైత్యమును పేర్కొనబడినవి. టాలెమీ వ్రాసిన కంటకొస్సిల ఇదియే. అచ్చుల నడుమ నున్న ఒంటి కకారము ప్రాకృతమున జాఱిపోవుట నియమమే గనుక ‘కంటసేల’ యగుట సులభము. పిమ్మట ఎవరో చదువుకొన్నవారు గంటను వినిపించుకొని మొదటి యక్షరమును దిద్దియుందురు. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు ఆ యూరి నడిబొడ్డున కలదు. రెండువేల ఏండ్లనాటి పేరును ఇంత పదిలముగా దాచిన ఆ యూరే, ఆ పేరుతో శాసనమున కెక్కిన చైత్యమును మాత్రము లంజదిబ్బ యని పిలిచినది. ఊరిపేరు నిలిచినది, కట్టడము పేరు నిలువలేదు. కారణము దుర్గ్రాహ్యము కాదు. ఊరిపేరు శిస్తుకట్టు పేరు, దానపత్రమున కెక్కు పేరు, పిల్లనిచ్చునపుడు అడుగు పేరు. దిబ్బపేరు గొడ్లకాపరి నోటిపేరు. ఒకటి రాజుల చేతులలోనుండి వచ్చినది, ఒకటి నేలమీద మొలిచినది. కావున ఊరిపేళ్లకు పనికివచ్చు పరిణామసూత్రములను దిబ్బపేళ్లకు యథాతథముగా వర్తింపజేయుట యుక్తము కాదు.

ఈ జాగ్రత్త లేకపోవుటవలన కలిగిన అనర్థమునకు అనకాపల్లి చెంతనున్న శంకరము మంచి నిదర్శనము. అలెగ్జాండరు రీ 1907-08లో ఇచట త్రవ్వకములు జరిపెను. సముద్రగుప్తుని బంగారునాణెమొకటియు, తూర్పు చాళుక్యుల రాగినాణెములును దొరకినవి. బొజ్జన్నకొండ యనగా బుద్ధన్నకొండ యనియు, శంకరమనగా సంఘారామమనియు చెప్పుట నేడు పరిపాటి. పాఠ్యపుస్తకములును, యాత్రికులకు వ్రాసిన పలకలును ఇట్లే చెప్పుచున్నవి. అచట సంఘారామము ఉండిన మాట నిజమే; అందుచేత వ్యుత్పత్తియు నిజమగునా? బుద్ధశబ్దము ప్రాకృతమున బుద్ధయే. ద్ధకారము జ్జకారముగా మాఱవలెనన్న నడుమ యకారము కావలెను. ఉపాధ్యాయుడు ఒజ్జ యైనది ఆ యకారము బలముననే. పాలీలోని బొజ్ఝంగ శబ్దము ‘బోధ్యంగ’మునుండి వచ్చినదిగాని బుద్ధశబ్దమునుండి కాదు. ఇక సంఘశబ్దము తెలుగునోట సంగమగుట న్యాయము. ఘకారము కకారముగా గట్టిపడుటకు వేఱు హేతువు చూపవలెను. శంకరునిపేర వెలసిన ఊరు శంకరమనుటకు ఏ హేతువును అక్కఱలేదు. మఱి బొజ్జన్నయో? బొజ్జగణపయ్యను ఎఱిగిన పల్లెవాడు గుహలో పద్మాసనమున కూర్చున్న రాతిమూర్తిని చూచి బొజ్జన్న యనుటకు వ్యాకరణము అడ్డురాదు. మేము బుద్ధన్న వాదమును అసాధ్యమనుట లేదు. బుద్ధుడే బొజ్జన్న యని చెప్పువారు ధ్వనిపరిణామమును చూపక, స్థలము బౌద్ధము గనుక పేరును బౌద్ధమే కావలెనని తర్కించుచున్నారనుచున్నాము. పామరవ్యుత్పత్తి యని మనము నవ్వుకొనునది పామరులకే పరిమితము కాదు.

ఆ ప్రక్కకొండ విషయమున ఎవ్వరికిని వివాదము లేదు. తొలిచిన రాతిస్తూపములు వరుసలుగా నున్న కొండ అది. చూచిన కన్నులకు అవి లింగములు. కొండ లింగాలకొండ యైనది. ఇట్టి పేళ్లలో వ్యుత్పత్తి శాస్త్రమునకు పని లేదు, చూపునకే పని. విశాఖ తీరమున తొట్లకొండయు బావికొండయు నిట్టివే. తొట్లకొండపై రాతిలో తొలిచిన నీటితొట్లును, బావికొండపై వాననీరు నిలుపుకొను బావులును ఉన్నందున ఆ పేళ్లు వచ్చినవి. 1980ల దరిదాపుల పురావస్తుశాఖవారు అచట త్రవ్వి విహారములను, స్తూపములను, నీటివసతులను బయల్పఱచిరి. భిక్షుసంఘము కొండలమీద బ్రతుకుటకు నీటిని నిలువచేసుకొనెనని నివేదికలు చెప్పిన సంగతిని పల్లె మున్నే పేరులో చెప్పియున్నది. ఎవరు తొలిచిరో మఱచినను, ఏమి తొలిచిరో మఱవలేదు.

ఇట ఒక ముచ్చట చెప్పక తప్పదు. వంశధారయొడ్డున శాలిహుండపు కొండమీది శిథిలములను 1919లో మొదట గుర్తించినవారు గిడుగు రామమూర్తిగారు. వాడుకభాషకొఱకు పోరిన పండితుడు, సవరభాషకు వ్యాకరణము కట్టిన వాడు, కొండయెక్కి ఇటుకలను చూచెను. ఆ యూరిపేరునకు శాలివాటికయని ఒక వ్యుత్పత్తి, శల్యపేటికయని వేఱొక వ్యుత్పత్తి చెప్పుచున్నారు. వడ్లకొట్టా, ఎముకలపెట్టెయా యను ఈ సందేహము గిడుగువారి కంటబడినచో ఆ చుట్టుప్రక్కల జనులు దానిని ఎట్లు పలుకుచున్నారో ముందు వినివచ్చెడివారనుట నిశ్చయము. నాగార్జునకొండ సంగతియు నట్టిదే. 1926లో ఒక గ్రామోపాధ్యాయుడు ఇచ్చిన వార్తను పట్టుకొని శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు అచటికి పోయిరి. భాషను చదివినవారు దిబ్బలయొద్దకు పోవుట మన పూర్వులయందు వింత కాదు. వింత యైనది తరువాతి తరములలో.

ఇక రెండవ త్రోవ. లంజదిబ్బ యను పేరు భట్టిప్రోలునందును, గుడివాడయందును, ఘంటసాలయందును కలదు. పెదగంజామునందలి శిథిలములు బోగందానిదిబ్బలు. సభలలో ఈ పేళ్లను పలుకుటకు మనము సంకోచింతుము. తెలుగుశాఖలు వీనిజోలికి పోకపోవుటకు ఆ సంకోచమును ఒక కారణమై యుండును. సంకోచింపనివారు మాత్రము వెనువెంటనే తీర్పు చెప్పుదురు: బౌద్ధమును అణచినవారు స్తూపములకు కావలెనని ఈ పేరు పెట్టిరని. ఈ వాదము నిరాధారము కాదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున చందవోలు రాజసభలో పండితారాధ్యునకును బౌద్ధాచార్యునకును జరిగిన వాదమును, అది బౌద్ధాచార్యుని వధతో ముగియుటయు వర్ణింపబడినవి. చందవోలు భట్టిప్రోలునకు దూరము కాదు. పండ్రెండవ శతాబ్దమున ఆ సీమయందు విరోధము రక్తమువఱకు పోయినదని శైవకవియే చెప్పుచున్నాడు. దీనిని త్రోసిపుచ్చరాదు.

ఐనను తిట్టునకు గుఱి కావలెను. బౌద్ధులను తిట్టదలచినవాడు ‘లంజ’ యని యెందులకు తిట్టవలెను? శైవవాఙ్మయమున బౌద్ధులను నిందించుటకు వేఱు మాటలు కావలసినన్ని కలవు. ఆ మాటలలో ఒక్కటియు ఏ దిబ్బకును అంటలేదు. ఇంతేకాదు, తిట్టు తిట్టుగా నిలువవలెనన్న తిట్టబడినవాడెవడో తిట్టువారికి తెలిసియుండవలెను. ఈ దిబ్బలచుట్టు నున్న కథలలో బుద్ధుడు లేడు, భిక్షువు లేడు. భట్టిప్రోలు దిబ్బకే విక్రమార్కకోటదిబ్బ యను పేరును కలదు. బౌద్ధద్వేషి విక్రమార్కునకు కోట కట్టిపెట్టుటలో అర్థము లేదు.

మొదటి త్రోవవారును ఇచట తమ ప్రయత్నము చేయకపోలేదు. లంజశబ్దము అసలు లంజ కాదనియు, ఏదో గౌరవవాచకమునకు వికృతియనియు చెప్పి మర్యాద నిలుపజూచువారు కలరు. వారికి పెదగంజామే సమాధానము. ఒకచోట లంజదిబ్బ, వేఱొకచోట బోగందానిదిబ్బ. పదములు రెండు, అర్థమొక్కటి. వికృతి యగునది పదము; అర్థము వికృతిచెంది పర్యాయపదమును పుట్టింపజాలదు. బోగముదియను మాట ఏ ప్రాకృతశబ్దమునుండియు పొరపాటున రాలేదు. కావున పేరు పెట్టినవారు ఆ యర్థమును ఎఱిగియే పెట్టిరి. కృష్ణాడెల్టాలోను దాని యంచులయందును ఈ దిబ్బలను గూర్చి ఒక కథ వ్యాపించియుండెను. ఊరూరను ఆ కథ తన తన మాటతో పేరైనది. ఆ కథలో నాయిక వేశ్య.

ఆమె యేల రావలెను? మా యూహ యిది. పల్లెకు ఎదుట నొక మహాకట్టడము కలదు. భట్టిప్రోలు స్తూపపు అడుగు వ్యాసము 148 అడుగులు; అది గట్టి ఇటుకపని. దేవుడు లేనందున గుడి కాదు. గదులు లేనందున ఇల్లు కాదు. రాజు పేరు ఎవరికిని తెలియదు. ఇంత ధనము వెచ్చించినవారు ఎవరు? తెలుగుదేశమున మధ్యయుగపు శాసనములు చదివినవారికి, తన సొమ్ము తానే దానమిచ్చిన స్త్రీ యనగా ఎవరు స్ఫురింతురో వేఱుగా చెప్పనక్కఱలేదు. గుడిసానులు అఖండదీపములు నిలిపిరి, గొఱ్ఱెల నిచ్చిరి, భూములనిచ్చిరి. వంశము లేక, వారసులు లేక, ధనము మాత్రము మిగిలిన దాతగా పల్లె ఎఱిగిన మూర్తి ఆమెయే. వారసుడు లేని కట్టడమునకు వారసుడు లేని దాతను వెదకిపెట్టినారు. లంజె, లంజియ యను రూపములు ప్రాచీనకావ్యములందు వేశ్యకు సామాన్యపర్యాయములు. నేటి వీథితిట్టులోని కఱకుదనమంతయు ఆ మాటకు మొదటినుండి యున్నదనుకొనుట కాలమును వెనుకకు త్రోయుటయే. ఈ చదువు సరియైనచో లంజదిబ్బ తిట్టు కాదు, దాత పేరు. చరిత్రదృష్ట్యా అది తప్పు దాత పేరే. ఐనను ఈ చైత్యములకు దానమిచ్చినవారిలో స్త్రీలు మిక్కుటమని అమరావతీశాసనములును, చాంతిసిరి బోధిసిరుల నాగార్జునకొండ శాసనములును చెప్పుచున్నవి. పల్లె ఆ సంగతిని జ్ఞాపకముంచుకొన్నదని మేము అనజాలము. రెండును ఒకచోట కలిసినవి, అంతే.

దీపాలదిన్నె విషయమున మాత్రము ఒకింత ఎక్కువ చెప్పుటకు సాహసింతుము. చింతపల్లినుండి వచ్చి అమరావతిని నిర్మించుచున్న వాసిరెడ్డి వెంకటాద్రినాయనివారి కాలమున, 1797లో, కాలిన్ మెకంజీ ఈ దిన్నెను చూచి ఆ పేరును వ్రాసికొనెను. దిన్నెయనగా మెఱక. దీపములేమి? కార్తికమాసమున ఎత్తైనచోట దీపములు పెట్టుట తెలుగునాట ఎల్లెడల కలదు గనుక అంతటితో తృప్తిపడవచ్చును. పెక్కుమంది అట్లే తృప్తిపడిరి. కాని అమరేశ్వరాలయపు స్తంభశాసనములను దీనితో కలిపి చదివినవారు మాకు కనబడలేదు. క్రీ.శ. 1182లో కోట వంశపు రెండవ కేతరాజు, శైవుడయ్యును, ధాన్యకటకమున వెలసిన బుద్ధదేవునకు గ్రామములను అఖండదీపములను ఇచ్చెను. ఆతని అంతఃపురస్త్రీలలో కొందఱును ఆ బుద్ధునకే దీపములు నిలిపిరి. 1234లో నతవాడి రుద్రుని కూతురు బయ్యల బుద్ధునకు దీపము పెట్టినది. అంతకు వేయేండ్లకు పూర్వపు ప్రాకృతశాసనములలోనే ఈ మహాచైత్యమునొద్ద దీపస్తంభమును నిలిపిన దానము కలదు. 1344 నాటి సింహళదేశపు గడలాదెణియ శాసనము ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకమున ప్రతిమాగృహమును ఉద్ధరించెనని చెప్పుచున్నది. అప్పటికి ఇంకను కొలిచెడివారు ఉండిరన్నమాట.

అనగా పదునాలుగవ శతాబ్దమునకు అటునిటు వఱకు ఆ ప్రాంతపు గొఱ్ఱెకాపరి, నేయి కొలిచి యిచ్చు బోయడు, కంటితో చూచినది అచట వెలుగు దీపములే. అఖండదీపమనగా ఆలయమునకు ఒక ఏర్పాటు. పల్లెకు అది రాత్రి దూరమునుండి కానవచ్చు గుర్తు. బుద్ధుని పేరు పోవుటకు నాలుగున్నర శతాబ్దములు చాలును. దీపము పేరు పోలేదు. కార్తికదీపములు ఏ దిబ్బమీదనైనను వెలుగును. దీపాలదిన్నె పేరు ఈ దిన్నెకు కుదురుకొన్నది. దీనిని నిరూపణమని మేము చెప్పము. మెకంజీకి ముందటి పత్రమొక్కటి ఆ పేరుతో దొరకినచో వాదమునకు బలము చేకూరును. కాని దిబ్బపేళ్లలో చారిత్రకస్మృతి యే మాత్రమును లేదని కొట్టివేయువారు ముందుగా ఈ దీపములను ఆర్పవలసియున్నది.

ఒక విపర్యయమును గమనింపుడు. కేతరాజు అంతఃపురస్త్రీలు దీపములు పెట్టిన దిన్నెకు స్త్రీపేరు రాలేదు. స్త్రీ యెవరో తెలియని దిబ్బలకే వేశ్యపేరు వచ్చినది. జ్ఞాపకమున్నచోట వస్తువు పేరైనది, జ్ఞాపకము చెడినచోట కథ పేరైనది. నేలకొండపల్లి ఇందుకు మఱియొక సాక్ష్యము. రామదాసు జన్మస్థలముగా మనకు పరిచితమైన ఆ యూర, ఇటుకస్తూపమును విహారములును గల మెఱకకు విరాటరాజు కథను ముడిపెట్టిరి. పాండవులు తలదాచుకొనని ఊరు తెలుగుదేశమున అరుదు గనుక దీనిపై ఆగనక్కఱలేదు.

పేరునకు ఫలము కలదా? కలదని మా యెఱుక. కాని అనుకొన్నంత సూటిగా కాదు. జగ్గయ్యపేట ఒకప్పుడు బేతవోలు. అచటి దిబ్బ ధనంబోడు. బోడు మీద ధనమున్నదని పేరే చెప్పుచుండగా త్రవ్వనివాడెవడు? బర్జెస్ 1882లో చూచునాటికి స్తూపము చెడియుండెను. మాంధాత చక్రవర్తిఫలకమును, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ యేటి శాసనములును మిగిలినందుకు సంతోషింపవలసినదే. గుడివాడ, భట్టిప్రోలు దిబ్బలను పంతొమ్మిదవ శతాబ్దమున బాటలకును కాలువపనులకును ఇటుకరాళ్ల గనులుగా వాడుకొనిరి. రీ 1892లో భట్టిప్రోలున ధాతుకరండములను, బ్యూలర్ 1894లో ప్రకటించిన లేఖనములను వెలికిదీసినది ఆ విధ్వంసము జరిగిన పిమ్మటనే. దేవుని పేరున్న స్థలములు బ్రతికినవని ఇందుండి సిద్ధాంతము చేయవచ్చునా? గుంటుపల్లి గుహాచైత్యములోని స్తూపము ధర్మలింగేశ్వరుడై పూజలందుకొన్నది, చెక్కుచెదరలేదు. లింగాలకొండయు నిలిచినది. ఐతే ఈ రెండును కొండను తొలిచినవి. ఇటుకను బండికెత్తవచ్చును, కొండను ఎత్తుట సాధ్యము కాదు. గౌరవమైన పేరున్న దీపాలదిన్నెను సైతము, చెంతనే క్రొత్తపట్టణము లేచుచుండుటచే, రాతికొఱకు త్రవ్విరి; నడుమ చెఱువు త్రవ్వించిరి. పేరు ఒక్కటే కాపాడలేదు. కాని ‘ధనము’ అను పేరు చెఱుపుటలో తోడ్పడినదని చెప్పవచ్చును.

బొజ్జన్నకొండ యిచట తిరిగి జ్ఞప్తికి రావలెను. కనుమనాడు చుట్టుపట్ల ఊళ్లవారు ఆ కొండకు చేరుదురు. అచటి యొక ఆకారమును రాక్షసునిగా నెంచి రాళ్లు విసరు ఆచారము చిరకాలము సాగి, ఇటీవలనే మానిపింపబడినది. ద్వేషవాదులకు ఇది దొరకిన నిధివలె తోచును. వారు ఒకటి మఱచుచున్నారు: రాళ్లు విసరువారే కొండను ‘అన్న’ యని పిలిచిరి. పేరును ఆచారమును ఒక్క మూలమునుండి పుట్టినవని పట్టుపట్టుటకు ముందు రెండింటి వయస్సును వేఱువేఱుగా తేల్చవలెను.

ఈ విచారణకు గడువున్నదని భ్రమపడరాదు. నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున త్రవ్వకములు సాగినవి. నూటికి మించి స్థలములను గుర్తించి, వానికి సంఖ్యలు వేసి నివేదించిరి. 1967లో సాగరము నిండినది. లోయలోని పల్లెలు అంతకుమున్నే కదలిపోయినవి. శిల్పములను కొండపైకి చేర్చిరి, కొన్ని కట్టడములను ఇటుకకు ఇటుక పేర్చి మఱల నిలిపిరి, చేయదగినంత చేసిరి. కాని ఆ స్థలములను నేడు మనము సంఖ్యలతోనే యెఱుగుదుము. ఆ మెఱకలకు, ఆ చేలకు, ఆ రాళ్లకుప్పలకు లోయవాసులు పెట్టుకొన్న పేళ్లను దిద్దుకొనివచ్చుటకు అప్పుడు ఏ తెలుగుశాఖయు ఒక్క విద్యార్థిని పంపలేదు. నీరు ముంచినది రాతిని కాదు, రాతిని మోసికొనిపోయిరి. మాటను మోయువారు లేకపోయిరి.

నీరు లేనిచోట పలక ఆ పని చేయుచున్నది. రక్షితస్థలమునకు కంచె వేసి, ‘మహాస్తూపము’ అని వ్రాసి నాటుదురు. బడిపిల్లలు పలకను చదివి ఇంటికి పోయి తాతకు నేర్పుదురు. లంజదిబ్బ యను మాట మర్యాదకు భంగమని ఊరిపెద్దలే దాచుచున్నారు, వారిని తప్పుపట్టలేము. పేరు వాడుకలోనుండి పోవుట అనివార్యము కావచ్చును. లెక్కలోనికి రాకయే పోవుటయే అన్యాయము.

మన శాఖలలో గ్రామనామపరిశోధన లేకపోలేదు. కేతు విశ్వనాథరెడ్డిగారి ‘కడప ఊర్ల పేర్లు’ 1976లో వెలువడిననాటినుండి జిల్లాజిల్లాకును సిద్ధాంతగ్రంథములు వచ్చినవి. వానిలో పెక్కింటి పద్ధతి ఒక్కటే: ఊరిపేరును పూర్వపదము, ఉత్తరపదమని విఱిచి, వృక్షవాచకములు, జలవాచకములు, దేవతావాచకములు అని పట్టికలు వేయుట. పరిశోధకుడు ఊరి పొలిమేరను దాటి లోపలికి పోడు. చేనిపేరు, దిబ్బపేరు, కుంటపేరు పట్టికకు ఎక్కవు. దిబ్బ, దిన్నె, బోడు, మెట్ట, గుట్ట యను ఉత్తరపదములు ఏ సీమలో ఏది ప్రచురమో గుర్తించి పటము గీసినచో, పేరుపెట్టినవారి మాండలికము కొంతవఱకైనను తెలిసివచ్చెడిది. మెకంజీకొఱకు కావలి సోదరులు మున్నగువారు కూర్చిన కైఫియత్తులను మన విద్యార్థులు రాజవంశములకొఱకు తిరుగవేయుదురు. సరిహద్దులు చెప్పునప్పుడు కరణము వ్రాసిన దిబ్బలను కుంటలను దాటిపోవుదురు. పాత ఇనాము రికార్డులును, అడంగళ్లును ఇట్లే పడియున్నవి. దీపాలదిన్నె పేరునకు మెకంజీకంటె ముందటి సాక్ష్యము దొరకవలసియున్నచో అట్టి కాగితములలోనే దొరకవలెను.

కాగితముల పని నిలిచియుండును, నోటిపని నిలువదు. డెల్టాలోని ఈ మూడు లంజదిబ్బలకును పెదగంజామునకును ఒక్క వేసవిలో పోయిరావచ్చును. పోవువారు కథను అడుగుటకు ముందు పేరునే అడుగవలెను. పురుషులను అడిగి ఊరుకొనరాదు. నలుగురిలో పలుకరాని మాట ఆడువారి నోట మాఱుపేరు తొడుగుకొనుట మన భాషలో కొత్త కాదు. రాత్రిపూట పామును పురుగనుట మనమెఱిగినదే. ఈ దిబ్బలప్రక్క చేలలో నాట్లకు కలుపులకు పోయిన ముదుసలులు దానిని ఏమని చెప్పుకొనిరో, ఆ మాఱుపేరు ఊరూర ఒక్కటేనో వేఱువేఱో, మొట్టమొదట తేల్చవలసిన ప్రశ్న యిది.